కణాలు ఫ్లాజెల్లాను ఎలా కడతాయో చూడాలంటే: టిర్ఫా, క్రయో టోమోగ్రఫీయా?

క్లామిడోమోనాస్ అనే ఏకకణ ఆకుపచ్చ శైవలం ఈదడానికి వాడే కొరడాలాంటి తోక, అంటే ఫ్లాజెల్లం, పొడవు పది మైక్రాన్లకు కాస్త అటూఇటూ, మందం పావు మైక్రాన్. దాన్ని కట్టడానికి కావలసిన సరుకును ఐఎఫ్‌టీ (ఇంట్రాఫ్లాజెల్లార్ ట్రాన్స్‌పోర్ట్) రైళ్లు, అంటే ప్రోటీన్ల వరుసలు, కొసదాకా మోసుకెళ్తాయి. వాటిని దేనితో చూడాలన్నదే పేచీ.

టిర్ఫ్ (గాజుపలకను ఆనుకున్న పలుచని పొరనే లేజర్‌తో వెలిగించే మైక్రోస్కోపీ): కణం బతికే ఉంటుంది. గాజుపలకకు అతుక్కున్న ఫ్లాజెల్లంలో మెరిసే చుక్కలు కొసవైపు సెకనుకు సుమారు 2 మైక్రాన్ల చొప్పున, వెనక్కి ఇంకాస్త జోరుగా పరుగెడుతుంటే కళ్లు తిప్పుకోలేం. కానీ చుక్క చుక్కే, లోపలి ఆకారం తెలీదు.
క్రయో (గడ్డకట్టించిన నమూనాను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పలు కోణాల్లో తీసి 3డీ బొమ్మ కట్టే టోమోగ్రఫీ): క్షణంలో గడ్డకట్టించిన కణం. రైలులో ప్రోటీన్ల అమరిక కూడా కనిపిస్తుంది. కదలిక సున్నా.

ఖర్చు: టిర్ఫ్ ఒక ల్యాబ్ భరించగలదు. క్రయో అయితే చాలామందికి ఉమ్మడి కేంద్రంలో వంతు కోసం ఎదురుచూపే.
రిస్క్: టిర్ఫ్‌లో మెరుపు కోసం ప్రోటీన్‌కు తగిలించే ఫ్లోరోసెంట్ ట్యాగ్ ఆ ప్రోటీన్ పనినే చెడగొట్టొచ్చు, లేజర్ ఎక్కువైతే మెరుపు ఆరిపోతుంది. క్రయోలో ఐసు మందంగా పడిందా, ఆ రోజు పోయినట్టే (అదో టెన్షన్).

వేగం, తెగిన ఫ్లాజెల్లా మళ్లీ పెరిగే తీరు కావాలంటే టిర్ఫ్. రైలు నిర్మాణం కావాలంటే క్రయో. ఏ రైలు ఏ పట్టాపై వెళ్తోందన్న ప్రశ్నకు ఒక్కటే సరిపోదు: 2016లో లైవ్ ఇమేజింగ్‌ను, ఎలక్ట్రాన్ టోమోగ్రఫీని జతచేశాకే ఫ్లాజెల్లం పొడవునా జంటగా సాగే ఎ, బి అనే సన్న గొట్టాల్లో (ట్యూబ్యూల్స్) వెళ్లేవి బి ట్యూబ్యూల్ మీద, తిరిగొచ్చేవి ఎ ట్యూబ్యూల్ మీద అని తేలింది.