విశాఖ–కళింగపట్నమా, కాకినాడ–మోటుపల్లా: నింపాదైన తీర ప్రయాణానికి ఏది మేలు?

సముద్ర తీరం వెంట కారులో నాలుగైదు రోజులు తిరిగి రావాలనుకునేవారికి ఆంధ్రదేశంలోనే రెండు మంచి దారులున్నాయి. ఒకటి విశాఖపట్నం నుంచి భీమిలి, శ్రీకాకుళం మీదుగా కళింగపట్నం చేరేది. రెండవది కాకినాడలో బయలుదేరి యానాం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా, చాలా వరకు 216వ నంబరు జాతీయ రహదారి వెంబడే, మోటుపల్లి వరకు సాగేది. సముద్రం, పాత రేవులు, బౌద్ధ స్తూపాలు రెండు దారుల్లోనూ ఉన్నాయి కాబట్టి చూడవలసిన స్థలాలను పక్కపక్కన రాసుకుని లెక్కపెడితే తేడా తెలియదు. తేడా నేల తీరులో ఉంది. ఉత్తరాన కొండలు సముద్రపు అంచు దాకా వచ్చి నిలిచాయి. దక్షిణాన గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు సముద్రాన్ని దూరంగా నెట్టింది. మొదటి దారిలో చరిత్ర కంటికి కనిపిస్తుంది, రెండవ దారిలో దానిని కొంత ఊహించుకోవలసి వస్తుంది.

విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న బీచి రోడ్డు ముప్పై కిలోమీటర్ల లోపే అయినా, ఒక పూర్తి దినం కేటాయించదగినది. మంగమారిపేట దగ్గర తొట్లకొండ ఎక్కితే సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారపు పునాదులు, భిక్షువుల గదులు, వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. 1976లో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు ఈ స్థలం బయటపడింది. అక్కడ నిలబడి చూస్తే కింద సముద్రం పరచుకుని ఉంటుంది కనుక, ఓడల మీద వచ్చిపోయే వర్తకులకూ ఈ కొండ మీది భిక్షు సంఘానికీ ఉన్న సంబంధాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. బావికొండ, పావురాలకొండ కూడా ఈ కోవలోనివే. మూడింటినీ ఒకే రోజు ఎక్కడం కంటే తొట్లకొండ మీద రెండు గంటలు కూర్చోవడం మేలని నా అభిప్రాయం. భీమిలికి ముందే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వాన కోతకు ఇట్టే కరిగే ఆ ఇసుక గట్ల మీదికి ఎక్కి ఫొటోలు దిగకుండా, పక్కనుంచి చూసి రావడమే మర్యాద. భీమిలిలో డచ్చివారి సమాధులు సముద్రానికి దగ్గరలోనే ఉన్నాయి. 1824 నాటి ఒప్పందంతో భారతదేశంలోని తమ స్థావరాలన్నీ డచ్చివారు ఆంగ్లేయులకు వదిలినప్పుడు ఈ ఊరూ చేతులు మారింది. 1861లోనే మున్సిపాలిటీ అయిన పట్టణమిది.

అయితే భీమిలి దాటాక ఈ దారి స్వభావం మారుతుంది. అక్కడి నుంచి శ్రీకాకుళానికి ఎక్కువ దూరం 16వ నంబరు జాతీయ రహదారి మీద, లారీల మధ్య పోవలసిందే. నింపాది అన్న మాటకు అక్కడ చోటు లేదు. శ్రీకాకుళం చేరాక మళ్లీ తీరిక దొరుకుతుంది. అరసవల్లి సూర్యదేవాలయం ఊళ్లోనే ఉన్నట్టు లెక్క. కూర్మావతారానికి వెలసిన శ్రీకూర్మం గుడిలో స్తంభాల మీది శాసనాలే ఒక గ్రంథాలయమంత ఉన్నాయి. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది ఇటుక స్తూపాలను 1919లో మొదట గుర్తించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన ఆయనకు ఈ ఘనత కూడా ఉన్నదని చాలామందికి తెలియదు. అక్కడికి కొద్ది దూరంలోనే వంశధార సముద్రంలో కలుస్తుంది, కళింగపట్నం దీపస్తంభం కనిపిస్తుంది.

ఇక రెండవ దారి. సముద్రం పక్కనే ఉంటుందని ఆశించి 216 ఎక్కినవారికి మొదటి రోజు నిరాశ తప్పదు. వరి చేలు, కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు, కాలువలు, వంతెనలు, ఇవే కనిపిస్తాయి. సముద్రం చూడాలంటే ప్రతిసారీ పక్కదారి పట్టాలి. కానీ యానాం–ఎదుర్లంక వంతెన మీద గౌతమిని, దిండి–చించినాడ దగ్గర వశిష్ఠను, పులిగడ్డ–పెనుమూడి దగ్గర కృష్ణను దాటుతూ పోతుంటే, ఈ రేవులు ఎందుకు పుట్టాయో, ఎందుకు పూడిపోయాయో దారే చెబుతుంది. ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న కంటకోస్సిల రేవుగా పండితులు గుర్తించిన ఘంటసాల ఇప్పుడు పొలాల మధ్య ఉన్న పల్లె.

ఈ దారికి గుండెకాయ మచిలీపట్నం. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వర్తకానికి దిగిన, గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు ఇది. బందరుకోటలో ఇప్పుడు మిగిలినవి కొన్ని శిథిల కట్టడాలే, వాటిని చూసి పెదవి విరిచేవారు ఉంటారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు ముప్పై వేల మంది పోయారన్న సంగతి తెలిసి చూస్తే మాత్రం ఆ ఖాళీ స్థలాలకు అర్థం వేరు. పెడనలో టేకు అచ్చులతో కలంకారీ అద్దకం నేటికీ సాగుతున్నది. ఒకప్పుడు ఓడలకెక్కిన సరుకు ఎటువంటిదో తెలుసుకోవడానికి ఏ మ్యూజియమూ దానికి సాటిరాదు.

చివరి మజిలీ మోటుపల్లి. ఇక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో కాకతి గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం ఉంది. గాలివాన దెబ్బకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారనీ, తాము మాత్రం న్యాయమైన సుంకం తప్ప తక్కినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నామనీ దాని సారాంశం. సుంకం ముప్పయ్యో వంతు. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనవోత రెడ్డి ఇదే రేవులో వర్తకులకు మళ్లీ అభయమిచ్చి శాసనం వేయించాడు; రాజవంశం మారినా ఓడలు రావలసిన అవసరం మారలేదన్నమాట. గుడి చిన్నది, ఊరు చిన్నది, సముద్రం దగ్గరే.

వసతి విషయంలో విశాఖకు తిరుగులేదు; దక్షిణాన కాకినాడ, మచిలీపట్నం, చీరాల లాడ్జీలు, బాపట్ల దగ్గర సూర్యలంకలో పర్యాటక శాఖ కుటీరాలు ఉన్నాయి. తిండికి రెండవ దారి మేలు: కాకినాడ కాజా నుంచి బందరు లడ్డూ దాకా దారి పొడవునా కారు ఆపే కారణాలే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి తొట్లకొండ, శాలిహుండం కష్టం, డెల్టాలో ఎక్కవలసిన కొండలు లేవు. పిల్లలతో వెళ్లేవారు మాత్రం, చూపించి మెప్పించడానికి ఏదో ఒకటి కళ్లెదుట ఉండాలి కాబట్టి, ఉత్తరానికే వెళ్లడం మంచిది. మొదటిసారి బయలుదేరేవారికీ, రెండు రోజులే సెలవు దొరికినవారికీ అదే సరైనది.

నాలుగైదు రోజులు చేతిలో ఉండి, తొందర లేనివారికి నేను 216నే సూచిస్తాను. ఉత్తరపు దారిలో భీమిలి దాటాక పెద్ద రహదారి మనల్ని తరుముతుంది; ఇక్కడ ఊరూరా వేగం తగ్గించవలసి వస్తుంది, ఆ తగ్గింపే మనం కోరి వచ్చినది. బయలుదేరే ముందు మోటుపల్లి శాసనపు తెలుగు తాత్పర్యం ఒకటి సంపాదించి చదువుకోవాలి, లేకుంటే అక్కడ కనిపించేది ఒక రాతి స్తంభం మాత్రమే. అక్టోబరు, నవంబరు నెలలు రెండు తీరాలకూ తుపాను రోజులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజులు మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ వస్తాయి. ఆ రోజుల్లో వెళ్లదలచినవారు శ్రీకాకుళంలో గది ముందుగానే మాట్లాడుకోవాలి.