తేలినీలాపురంలో రెండు ఉదయాలు

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి పక్షుల కోసం వెళ్లేవారు శ్రీకాకుళంలో బస చేయకండి. గదులు బాగుంటాయి, భోజనానికి లోటుండదు. కానీ అక్కడినుంచి అరవై కిలోమీటర్లు దాటి ఊరు చేరేసరికి ఎండెక్కిపోతుంది. మొదటిరోజు నాకు అదే అయింది. ఆ సాయంత్రమే ఊరికి దగ్గరి టెక్కలికి మారాను. లాడ్జి సాదాసీదాది. వేడినీళ్లు బకెట్టుతో తెచ్చిచ్చారు, దుప్పటి రెండుసార్లు అడిగాక మార్చారు. అయినా మర్నాడు ఐదున్నరకే ఆటో దొరికింది, పొద్దు పొడిచేటప్పటికి చింతచెట్ల కింద ఉన్నాను. నా లెక్కలో టెక్కలే మేలు.

ఇక్కడికి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వర్షాకాలం చివర్లో వచ్చి, గూళ్లు కట్టి, పిల్లలు ఎదిగాక వేసవి ముఖంలో వెళ్లిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని చాలామంది నమ్మకం. నిజానికి ఈ మచ్చల ముక్కు పెలికాన్ మన దక్షిణాసియా పక్షే. వాకిలి ఊడుస్తున్న ఒక ముసలమ్మ మాత్రం ఏ దేశమూ చెప్పలేదు. "మా ఆడపిల్లలు బాబూ, పురిటికి వచ్చాయి" అంది. 2021-22 శీతకాలంలో పేగుల్లో పురుగులు చేరి ఇక్కడ వందకు పైగా పెలికాన్లు చనిపోయాయి. ఆ మాట ఎత్తగానే ఆమె చీపురు ఆపేసింది.

వాచ్ టవర్ ఎక్కితే గూళ్లు దాదాపు కంటి ఎత్తులో కనిపిస్తాయి. తల్లి పెలికాన్ నోరు తెరవగానే పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి మెడ దాకా దూరిపోయింది. పైకి రెండు బోసి రెక్కలు మాత్రం కొట్టుకుంటున్నాయి. ఊపిరాడక చస్తుందేమోనని కెమెరా వదిలేసి చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి చేప పొలుసులు అంటుకున్న తలతో బయటికొచ్చింది.

ఎగిరే తెల్లపక్షిని ఆకాశం వెలుతురులో తీస్తే పొట్ట నల్లబడుతుంది, ఫొటోలో వెలుతురు రెట్టింపయ్యేలా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచాను. అదే పక్షి చింతాకుల ముందు వాలితే ఈకలు తెల్లగా మాడిపోతాయి, అక్కడ తగ్గించాలి. షట్టర్ వేగం 1/1600 సెకను పెడితే రెక్కల కొసలు కూడా నిలిచాయి.

దూరపు పక్షుల కోసం అద్దెకు తెచ్చిన 150-600 మి.మీ. జూమ్ లెన్సు మాత్రం నన్ను బాగా కలవరపెట్టింది. మొదటిరోజు తొమ్మిదిన్నరకు దగ్గర్లోని నౌపడ ఉప్పుమళ్ల మీద తీసిన ఒక్క ఫొటో కూడా పదునుగా రాలేదు. లెన్సు పాడైందని అద్దెకిచ్చినవారితో ఫోనులో గట్టిగానే మాట్లాడాను. మర్నాడు టవర్ దిగి నేరుగా అవే మళ్లకు వెళ్లి, అదే గట్టుమీద నుంచి ఏడుగంటలకు తీస్తే ఉల్లంకి పిట్ట కాలి వేళ్లు లెక్కపెట్టగలిగాను. తప్పు లెన్సుది కాదు, వేడెక్కిన నేల మీద వణికే గాలిది. వెంటనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఎనిమిదిన్నర దాటాక అక్కడ దూరపు పక్షుల జోలికి పోకండి. ఆ వేళ ఉప్పు పోగులేసే కూలీలను, అడిగి, దగ్గరినుంచి తీసుకోవచ్చు.

చివరి మధ్యాహ్నం ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి వెళ్లాను. జనవరిలో వెళ్లాల్సిన చోటు కాదది. నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు అక్కడికి తొలకరితో వచ్చి, శీతకాలం మొదట్లోనే ఖాళీ చేస్తాయి. చెట్లమీద పాత గూళ్ల పుల్లలే మిగిలాయి. జూలైలో మళ్లీ వస్తాను, ఈసారి బస ఇచ్ఛాపురంలోనే.