టెక్సస్‌లో పిల్లల్ని ఎక్కడ వేస్తే మేలు: ఐఎస్‌డీనా, చార్టరా, ఈఎస్‌ఏ డబ్బుతో ప్రైవేటా, ఇంట్లోనేనా?

మేం డల్లాస్ పక్కన ఉంటాం, మా బాబుకి ఏడేళ్ళు, మాటలు ఆలస్యంగా వచ్చాయి, ఇప్పటికీ స్కూల్లోనే స్పీచ్ థెరపీ నడుస్తోంది. 2025 మే 3న గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ ఎస్‌బీ 2 అనే చట్టం మీద సంతకం పెట్టిన దగ్గర్నుంచి సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే మనవాళ్ళ నోట ఇదే మాట, గవర్నమెంటే డబ్బులిస్తుందంట కదా, ప్రైవేట్‌లో వేసేద్దామా అని. నేను కూడా అదే ఆశతో మొదలుపెట్టి రెండు నెలలు కూర్చుని అన్నీ చదివా, నాకు అర్థమైంది చెప్తా. (ఐఎస్‌డీ అంటే మన ఏరియా పబ్లిక్ స్కూల్ జిల్లా, చార్టర్ అంటే గవర్నమెంట్ డబ్బుతో వేరే సంస్థలు నడిపే స్కూల్, ఈఎస్‌ఏ అంటే ఈ ఎస్‌బీ 2 కింద పిల్లల చదువుకి రాష్ట్రం డబ్బేసే ఖాతా.)

ముందు ఆ డబ్బు సంగతి. వంద కోట్ల డాలర్లు పక్కన పెట్టారు, 2026-27 స్కూల్ ఇయర్ నుంచి ప్రైవేట్‌లో చదివే పిల్లకి ఏడాదికి పది వేల డాలర్ల పైచిలుకు, ఇంట్లో చదివించేవాళ్ళకి రెండు వేల వరకు, ఐఈపీ (డిజెబిలిటీ ఉన్న పిల్లల కోసం స్కూల్ రాసే ప్రత్యేక చదువు ప్లాన్) ఉన్న పిల్లలకి ముప్పై వేల వరకు ఇస్తారు. పిల్లలు సిటిజన్లు అయినా సరే, చట్టబద్ధంగా వచ్చి ఉన్నవాళ్ళైనా సరే. కానీ డబ్బు అందరికీ చాలదు కాబట్టి వరస పెట్టారు: మొదట డిజెబిలిటీ ఉండి, ఇంటి ఆదాయం పావర్టీ లైన్‌కి ఐదు రెట్ల లోపున్న పిల్లలు, తర్వాత ఆదాయం తక్కువున్న ఇళ్ళు, ఆ తర్వాత మధ్యస్థంగా ఉన్నవాళ్ళు, చివర్లో పావర్టీ లైన్‌కి ఐదు రెట్లు దాటినవాళ్ళు. నలుగురున్న ఇంటికి ఆ గీత సుమారు లక్షా అరవై వేల డాలర్ల దగ్గర పడుతుంది, భార్యాభర్తలిద్దరూ ఐటీలో ఉంటే దాటేసినట్టే, ఆ గీత దాటినవాళ్ళందరికీ కలిపి మొత్తంలో 20 శాతానికి మించి ఇవ్వరు. కాబట్టి వస్తుందిలే అనుకుని అడ్వాన్స్ ఫీజు కట్టేయకండి.

మా బాబుకి ఐఈపీ ఉంది కాబట్టి ముప్పై వేలు అనగానే మా ఆయన, నేను రాత్రంతా లెక్కలేసుకున్నాం. తర్వాత ఒక ప్రైవేట్ స్కూల్‌కి వెళ్ళాం (పేరు వద్దులే). బాబుతో అరగంట కూర్చున్నారు, బయటికొచ్చి, మా దగ్గర సపోర్ట్ సరిపోదండీ, వేరే చోట చూసుకోండి అన్నారు. అంతే. అడిగే దారి లేదు, అప్పీల్ లేదు, ఎందుకంటే ఈఎస్‌ఏ డబ్బు తీసుకున్నా సరే ఎవర్ని చేర్చుకోవాలి అనేది ఆ స్కూల్ ఇష్టమే, చట్టం దాన్ని ముట్టుకోలేదు. కార్లో కూర్చుని ఏడ్చేశా. ఆ రోజే నాకు ఈ మొత్తం విషయం తలకెక్కింది, స్కూల్ చాయిస్ అంటాం కానీ ఎంచుకునేది ఎక్కువగా స్కూలే.

ఐఎస్‌డీలో అలా కుదరదు. ఆ జోన్‌లో ఇల్లుంటే, అద్దె ఇల్లయినా సరే, పిల్లాడిని కాదనే హక్కు వాళ్ళకి లేదు. వీసా, పేపర్ల సంగతి కూడా అంతే, ఇదే టెక్సస్‌లోని టైలర్ నుంచి వెళ్ళిన ప్లైలర్ కేసులో 1982లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. పిల్లాడికి ఏదో ఇబ్బంది ఉందని అనుమానం వస్తే పరీక్ష చేయమని రాసివ్వండి, వాళ్ళు ఒప్పుకుని మీరు సంతకం పెట్టాక 45 స్కూల్ రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి, ఆ తర్వాత ఐఈపీ తయారుచేసే ఏఆర్‌డీ కమిటీలో టీచర్లతో సమానంగా మీరూ కూర్చుంటారు. నచ్చకపోతే ఒప్పుకోనని రాయొచ్చు, హియరింగ్ అడగొచ్చు. ప్రైవేట్‌కి వెళ్ళగానే ఫెడరల్ చట్టం ఇచ్చిన ఈ హక్కుల్లో చాలావరకు పోతాయి, ముప్పై వేలు చేతిలో ఉన్నా సరే.

అలాగని ఐఎస్‌డీలు దేవాలయాలని నేను అనను. 2004 నుంచి ఈ రాష్ట్రం స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతానికి మించకూడదు అన్నట్టు ఒక కొలత పెట్టి స్కూల్ జిల్లాలకి మార్కులేసింది, దాంతో వేలమంది పిల్లలకి అందాల్సింది అందలేదు, 2016లో హ్యూస్టన్ క్రానికల్ పేపర్ బయటపెట్టాకే 2017లో దాన్ని తీసేశారు. అందుకే ఏఆర్‌డీ మీటింగ్‌కి ఉత్త చేతులతో వెళ్ళొద్దు, అన్నీ రాసి పెట్టుకుని వెళ్ళండి. డబ్బుల సంగతి చూస్తే బేసిక్ అలాట్‌మెంట్, అంటే ఒక్కో పిల్లకి లెక్కగట్టి స్కూళ్ళకిచ్చే మూల మొత్తం, 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది, 2025లో హెచ్‌బీ 2 వచ్చి 55 డాలర్లు పెంచింది. ఆ చట్టంలో మొత్తం 850 కోట్ల డాలర్లున్నాయి, టీచర్ల జీతాలకి మంచి వాటా వెళ్ళింది నిజమే, కానీ ఆ 55 చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

చార్టర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 1995లో వచ్చిన చట్టంతో మొదలయ్యాయి, ఫీజు లేదు, జోన్ పట్టింపు పెద్దగా ఉండదు, సీట్లు చాలకపోతే లాటరీ. ఐఈపీ చట్టం వీళ్ళకీ వర్తిస్తుంది, అది మంచిదే. కానీ బోర్డుని మనం ఓటేసి ఎన్నుకోం, క్రమశిక్షణ కేసులున్న పిల్లల్ని చేర్చుకోకుండా ఉండే వీలు చట్టమే ఇచ్చింది, బస్సు ఉందో లేదో ముందే అడగాలి. చదువులో బాగున్న పిల్లలకి, ఐఎస్‌డీ రేటింగ్ బాగాలేని ఏరియాలో ఉంటే, నేనైతే చార్టర్ లాటరీలో పేరు వేస్తా.

ఇంట్లో చదివించడానికి టెక్సస్ అంత వదులుగా ఉన్న రాష్ట్రాలు తక్కువ. 1994లో లీపర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు హోమ్‌స్కూల్ కూడా ప్రైవేట్ స్కూలే అంది, చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా ఉండటం, ఈ ఐదూ నిజాయితీగా నేర్పితే చాలు, రిజిస్ట్రేషన్ లేదు, పరీక్ష లేదు. నాలుగు నెలలు ఊరెళ్ళి అమ్మానాన్నలతో ఉండాలి అనుకునేవాళ్ళకి ఇది పనికొస్తుంది, ఎందుకంటే పబ్లిక్ స్కూల్లో 90 శాతం హాజరు లేకపోతే క్రెడిట్ ఇవ్వరు, సంక్రాంతి దాకా ఉండి వస్తాం అంటే సెలవులు అయిపోయాక పోయే రోజులన్నీ ఆబ్సెంట్లే. (దీపావళి, ఉగాది లాంటి పండగలకి మాత్రం మతపరమైన సెలవు కింద ముందే లెటర్ ఇస్తే ఎక్స్‌క్యూజ్డ్ అవుతుంది, ఇది చాలామంది వాడుకోవట్లేదు.) కానీ ఇంట్లో ఒకరు ఉద్యోగం మానేయాలి, మళ్ళీ పబ్లిక్ స్కూల్‌కి వస్తే ఏ గ్రేడ్‌లో పెట్టాలో వాళ్ళు పరీక్ష పెట్టి చూడొచ్చు.

హైస్కూల్ పిల్లలున్నవాళ్ళకి ఇంకో ముడి ఉంది, యూటీ ఆస్టిన్ యూనివర్సిటీ 2026 ఫాల్ నుంచి ఆటోమేటిక్ అడ్మిషన్‌ని క్లాస్‌లో టాప్ 5 శాతానికి తగ్గించింది. మనవాళ్ళంతా ఇల్లు కొనుక్కుని చేరే పెద్ద పేరున్న ఐఎస్‌డీల్లో ఆ 5 శాతంలో నిలబడటం ఎంత కష్టమో ఆ పిల్లలకే తెలుసు. రేటింగ్ చూసి ఇల్లు కొనేముందు ఇది కూడా ఒకసారి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

మొత్తమ్మీద ఐఈపీ ఉన్న పిల్లకి నేనైతే ఐఎస్‌డీ తర్వాతే ఏదైనా అంటా. ప్రైవేట్ స్కూల్ రాతపూర్వకంగా, ఫలానా థెరపిస్ట్ వారానికి ఇన్నిసార్లు అని ఇస్తే అప్పుడు ఆలోచించండి, వెళ్ళేముందు ఐఈపీ కాపీలన్నీ తీసి పెట్టుకోండి, ఆ ముప్పై వేలకి కూడా ఆధారం అదే. మా బాబు ఏఆర్‌డీ వచ్చే నెలలో ఉంది, స్పీచ్ వారానికి ఒక్కసారే ఇస్తున్నారు, రెండుసార్లు కావాలని ఇప్పటినుంచే రాస్తున్నా.