స్కాట్లాండ్ ఉత్తర తీరం చుట్టూ, డీజిల్ ఆక్టేవియా స్కౌట్‌లో

పైకప్పు డిక్కీ చివరిదాకా సాగే ఎస్టేట్ కారు మన దగ్గర ఎందుకో నిలదొక్కుకోలేదు. టాటా ఎస్టేట్ వచ్చింది, బలేనో ఆల్టురా వచ్చింది, ఇండిగో మెరీనా వచ్చింది. అన్నీ వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. ఇంటిల్లిపాదీ వెళ్ళాలంటే మనవాళ్ళ చూపు ఇన్నోవా మీదకో, ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ మీదకో పోతుంది. గ్లాస్గోలో స్థిరపడ్డాక నేనూ అటే చూశాను. చివరికి కొన్నది మాత్రం సెకండ్‌హ్యాండ్ స్కోడా ఆక్టేవియా స్కౌట్, అంటే కాస్త ఎత్తు పెంచిన ఆక్టేవియా ఎస్టేట్. మూడో తరం బండి, 2.0 టీడీఐ డీజిల్, 184 హార్స్‌పవర్, ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఫోర్ వీల్ డ్రైవ్. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు దీంట్లోనే వాళ్ళని ఉత్తర తీరం అంతా తిప్పుకొచ్చాను. నార్త్ కోస్ట్ 500 అంటారు ఆ దారిని. ఇన్‌వర్‌నెస్‌లో మొదలై అక్కడికే తిరిగొచ్చే చుట్టు, దాదాపు 830 కిలోమీటర్లు. 2015లో ఈ పేరు పెట్టి ప్రచారం మొదలుపెట్టాక జనం పోటెత్తారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందుగా ఒక మాట. ఏప్రిల్ చివరి నుంచి మే నెలాఖరు లోపు వెళ్ళండి. ఆ తర్వాత మిడ్జెస్ అనే చిన్న కుట్టుడు పురుగులు మొదలవుతాయి, క్యాంపర్‌వ్యాన్ల వరస కూడా పెరుగుతుంది. మేం వెళ్ళింది ఏప్రిల్ ఆఖర్లో. ఒకే పూటలో ఎండ, వాన, వడగళ్ళు అన్నీ చూశాం.

గ్లాస్గో నుంచి ఇన్‌వర్‌నెస్ దాకా ఏ9 రోడ్డు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. డన్‌బ్లేన్ దాటాక సగటు వేగం లెక్కగట్టే కెమెరాలుంటాయి. వేగాన్ని తనే నిలబెట్టే క్రూజ్ కంట్రోల్ పెట్టుకుని కూర్చోవడమే. డీజిల్ ఇంజన్‌కి ఇది ఇష్టమైన పని: ఆరో గేర్లో తక్కువ ఆర్‌పీఎం మీద చప్పుడు లేకుండా పోతుంది. చప్పుడంతా టైర్లదే, ముఖ్యంగా కంకర బరకగా తేలిన తారు మీద. వెనక కూర్చున్న అమ్మతో మాట్లాడాలంటే గొంతు కొంచెం పెంచాల్సి వచ్చింది.

అసలు పరీక్ష బెలాక్ నా బా కనుమ దగ్గర. సముద్రమట్టం దగ్గర మొదలై 626 మీటర్ల ఎత్తుకి ఎక్కే ఒంటిబాట రోడ్డు. కొన్నిచోట్ల వాలు ఐదడుగులకి ఒక అడుగు. కింద పెద్ద బోర్డు పెట్టారు: కొత్తగా నేర్చుకునేవాళ్ళు, పెద్ద వాహనాలు, కారవాన్లు ఈ దారిన వెళ్ళకపోవడం మంచిదని. నాన్న ఆ బోర్డు మొత్తం చదివించుకుని విన్నారు. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన మనిషి, పాడేరు ఘాట్ మీద ఏళ్ళ తరబడి బస్సు నడిపారు. “బండి ఎక్కిన గేర్లోనే దిగాలిరా, అది గుర్తుపెట్టుకో చాలు” అన్నారు.

ఎక్కేటప్పుడు ఈ ఇంజన్ విలువ తెలుస్తుంది. 380 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలని తిప్పే బలం, కాగితం మీద ఒక అంకె. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఎదురుగా నిటారు రోడ్డు ఉన్నప్పుడు యాక్సిలరేటర్‌ని లోపలికంటా తొక్కకుండానే బండి సాఫీగా పైకి లేస్తుంది. అరవాల్సిన అవసరం దానికి రాదు. ఒక్క ఇబ్బంది చెప్పాలి. హెయిర్‌పిన్ మలుపులో ఎదురుబండి కోసం దాదాపు ఆగిపోయి మళ్ళీ కదిలేటప్పుడు డీఎస్‌జీ ఒక్క క్షణం ఆలోచిస్తుంది, తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో గేర్లో పట్టి ఉంచాక అది తగ్గింది. దిగేటప్పుడూ అదే రెండో గేరు. ముందు వెళ్తున్న పెద్ద ఎస్‌యూవీ ప్రతి మలుపుకీ బ్రేక్ లైట్లు వెలిగిస్తూ దిగింది. కాలిన బ్రేకుల వాసన మా కిటికీల్లోంచి లోపలికొచ్చింది. మా బండి ఇంజన్ బిగింపు మీదే దిగింది. నాన్న తల పంకించారు కానీ ఏమీ అనలేదు.

ఇక్కడే నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. ఇలాంటి రోడ్లలో బండి ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం. దాదాపు 830 కిలోమీటర్ల చుట్టులో, పడమర ఉత్తర భాగాల్లో చాలాచోట్ల రోడ్డు ఒక్క బండికి సరిపడా మాత్రమే. మధ్యమధ్యలో పాసింగ్ ప్లేస్ అనే జానెడు జాగాలుంటాయి. అది మన ఎడమ పక్కనుంటే అందులోకి తప్పుకోవాలి, కుడి పక్కనుంటే దానికెదురుగా ఆగి అవతలి బండికి దారివ్వాలి. ఎత్తెక్కుతున్న బండికి వీలైనంతవరకు సైడ్ ఇవ్వాలి. పాడేరు ఘాట్‌లోనూ ఇదే మర్యాద అన్నారు నాన్న. స్కౌట్ వెడల్పు అద్దాలు కాకుండా 1814 మిల్లీమీటర్లు. రెండు మీటర్లకి దగ్గరగా ఉండే బండ్లు వచ్చిన ప్రతిసారీ గడ్డి అంచు మీదకి చక్రం దింపి, ఆ మెత్తటి నేలని నలిపేస్తున్నాయి. మాకు ఆ అవసరం ఒక్కసారి కూడా రాలేదు. మామూలు ఆక్టేవియా కంటే 30 మిల్లీమీటర్ల పైచిలుకు ఎత్తు పెంచారు దీన్ని, గ్రౌండ్ క్లియరెన్స్ 171. గుంతల దారికీ గులకరాళ్ళ పార్కింగులకీ అంతే చాలు. మరీ ఎత్తు లేదు కాబట్టి మలుపుల్లో పక్కకి ఒరగదు. వెనక కూర్చున్న మా అమ్మాయికి ఘాట్‌లో కడుపులో తిప్పలేదంటే అదీ ఒక కారణమే అనుకుంటున్నాను.

యాపిల్‌క్రాస్ ఊళ్ళో బంకుని ఊరివాళ్ళే ఒక కమ్యూనిటీ కంపెనీ పెట్టుకుని నడుపుతున్నారు. కార్డు పెట్టి మనమే నింపుకోవాలి. మా ట్యాంక్‌లో ఇంకా చాలా డీజిల్ ఉంది. 55 లీటర్ల ట్యాంకు, లీటరుకి 16, 17 కిలోమీటర్ల మైలేజీ వస్తుంటే కంగారేముంది? అయినా అక్కడ కొంచెం పోయించాను. ఇలాంటి బంకులు మూతపడితే ఆ ఊళ్ళు ఎంత కష్టపడాలో మ్యాప్ చూస్తే తెలుస్తుంది.

రాత్రికి షీల్డెయిగ్‌లో నీళ్ళ ఒడ్డున అద్దె ఇల్లు తీసుకున్నాం. వంటగది ఉన్న ఇల్లే తీసుకోండని గట్టిగా చెప్తాను. అమ్మ శనివారం నీచు ముట్టదు. ఈ దారిలో శాకాహారం అంటే చాలాచోట్ల సూపు, చీజ్ టోస్టీ, కాల్చిన బంగాళాదుంప, అంతే. రైస్ కుక్కరు, చిన్న ప్రెషర్ కుక్కరు, కందిపప్పు, ఆవకాయ జాడీ అన్నీ డిక్కీలోనే వచ్చాయి. 610 లీటర్ల డిక్కీ అంటే రెండు పెద్ద సూట్‌కేసులు, మూడు చిన్న బ్యాగులు, వంట సామాను పోగా ఇంకా తడిసిన రెయిన్‌కోట్లు పడేసుకోడానికి చోటుంది. అంచు కిందకే ఉంటుంది కాబట్టి అరవై దాటిన నాన్న కూడా పెట్టెలు సునాయాసంగా ఎక్కించేశారు. ఎత్తు బండిలో అయితే ఆ బరువు గుండెల దాకా లేపాలి.

ఆ ఇంటి నుంచి బయల్దేరిన పొద్దున్న ఫోర్ వీల్ డ్రైవ్ పనితనం కళ్ళారా చూశాం. ఇంటి ముందు నుంచి రోడ్డు మీదకి కంకర పోసిన ఏటవాలు బాట. రాత్రంతా వాన, పొద్దున వడగళ్ళు పడి కంకరంతా తెల్లగా జారుతోంది. బండి కదిలించగానే ముందు చక్రాలు సగం చుట్టు ఊరికే తిరిగాయి, రెండు రాళ్ళు ఎగిరి కింద టంగుమన్నాయి. మరుక్షణం వెనకనుంచి ఎవరో భుజం పెట్టి తోసినట్టు బండి ముందుకి వెళ్ళిపోయింది. దీంట్లో ఉన్నది హాల్డెక్స్ క్లచ్. మామూలుగా బండిని ముందు చక్రాలే లాగుతాయి. వెనక ఇరుసు దగ్గర నూనెలో మునిగి ఉండే ప్లేట్లు ఉంటాయి. ముందు చక్రం పట్టు తప్పుతోందని కంప్యూటర్‌కి తెలియగానే చిన్న మోటారు పంపు నూనె ఒత్తిడితో ఆ ప్లేట్లని బిగిస్తుంది, బలం వెనక్కి వెళ్తుంది. అయితే ఇది కదలడానికి సాయం చేస్తుంది కానీ ఆగడానికి చేయదు. బ్రేకు పడేది టైర్ల పట్టు మీదే. అందుకే నాలుగు చక్రాలకీ ఆల్ సీజన్ టైర్లు వేయించుకునే బయల్దేరాను.

టొరిడన్ లోయ, బెన్ ఏ కొండలు కార్లోంచి చూసి వెళ్ళిపోయే చోట్లు కావు. బెన్ ఏ 1951లో ఏర్పడిన బ్రిటన్ మొదటి జాతీయ ప్రకృతి అభయారణ్యం. కిన్‌లాక్యూ దగ్గర పైన్ చెట్ల మధ్య చిన్న నడకదారి ఉంది, పెద్దవాళ్ళు కూడా నడవగలరు. అల్లపూల్ మాకు అందరికీ నచ్చింది. 1788లో హెర్రింగ్ చేపల వేట కోసం కట్టిన ఊరు. తెల్లటి ఇళ్ళ వరస, రేవు, మంచి సూపర్‌మార్కెట్. పాలు, పెరుగు, కూరగాయలు ఇక్కడే ఎక్కువగా కొనుక్కోండి. అక్కడ దిగిన బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లో ఇంటావిడ అమ్మ కోసం విడిగా పెనం తీసి గుడ్డు కూడా తగలకుండా టిఫిన్ చేసిపెట్టింది. ఆ మర్యాదకి ఎన్ని మార్కులైనా వేయొచ్చు.

లాకిన్‌వర్ నుంచి డ్రమ్‌బెగ్ మీదుగా వెళ్ళే బీ869 రోడ్డు, నడపడం ఇష్టమున్నవాళ్ళు వదలకూడనిది. నాలుగడుగులకి ఒక అడుగు లేచే వాలులు, ఎక్కి చూస్తే తప్ప అవతల రోడ్డు ఎటు తిరుగుతుందో తెలియని గుట్టలు. అడుగున ఉన్న నైస్ (gneiss) అనే రాతి వయసు దాదాపు మూడు వందల కోట్ల ఏళ్ళు. రోడ్డు మధ్యలో వెచ్చటి తారు మీద గొర్రెపిల్లలు పడుకుని ఉన్నాయి. హారన్ కొడితే తల్లి ఒక పక్కకి, పిల్ల ఇంకో పక్కకి పరిగెత్తుతాయి. ఆగి, ఇంజన్ ఆపేసి, అవి లేచేదాకా చూడటమే మంచిది. వెనక సస్పెన్షన్ మల్టీ లింక్, అంటే ఒక్కో చక్రాన్నీ విడివిడిగా పట్టి ఉంచే రకం, కావడంతో ఇక్కడ బండి గతుకుల మీద కుదురుగా ఉంది. కొంచెం గట్టిగానే ఉంటుంది, ఊగదు. నడుం నొప్పి ఉన్న అమ్మ ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఇదే సరైన కొలత అనుకోవచ్చు. ఇబ్బందల్లా వెనక సీటు మధ్యలో కింద ఎత్తుగా ఉండే గట్టు. వెనక చక్రాలకి బలం తీసుకెళ్ళే షాఫ్ట్ అందులోంచే పోతుంది. మా అమ్మాయి బూస్టర్ సీటు మధ్యలో ఉండటం వల్ల సరిపోయింది. అక్కడ పెద్దమనిషి కూర్చుంటే కాళ్ళు పెట్టుకునే చోటు ఉండదు.

కైల్‌స్క్యూలో 1984లో కట్టిన వంపు తిరిగిన వంతెన దాటాక జనసంచారం పల్చబడుతుంది, ఫోన్ సిగ్నల్ కూడా. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. డర్నెస్‌లో స్మూ గుహ చూడటానికి టికెట్టేమీ లేదు, మెట్లు మాత్రం చాలా ఉన్నాయి. నాన్న దిగారు, అమ్మ పైనుంచే చూసింది.

ఉత్తరపు అంచున డన్నెట్ హెడ్ దగ్గర ఆగండి. బ్రిటన్ ప్రధాన భూభాగానికి ఉత్తరపు కొస అదే, 1831 నాటి లైట్‌హౌస్ ఉంది. ఫొటోల కోసం అందరూ ఎగబడే జాన్ ఓ గ్రోట్స్‌లో నాకు దుకాణాలు తప్ప ఏమీ కనిపించలేదు. దాని పక్కనే డంకన్స్‌బీ దగ్గర సముద్రంలో నిలబడ్డ రాతి శిఖరాలకి నడిచి వెళ్తే ఆ పూట సార్థకం. ఆ చుట్టుపక్కల మేం దిగిన ఒక లాడ్జి మాత్రం నిరాశపరిచింది. హీటరు పనిచేయలేదు, రిసెప్షన్‌లో ఎవరూ లేరు, ఫోన్ చేస్తే మెషీన్ పలికింది. కార్లోంచి దుప్పట్లు తెచ్చి అమ్మానాన్నలకి కప్పాం. పెద్దవాళ్ళతో వెళ్తే బుక్ చేసే ముందే ఫోన్ చేసి, రాత్రిపూట మనిషి ఉంటాడా అని అడగండి.

తూర్పు తీరం వెంబడి కిందికొచ్చే ఏ9 వెడల్పైన, తేలికైన దారి. ఇన్‌వర్‌నెస్ చేరేసరికి ట్యాంకులో ఇంకా కొంత మిగిలే ఉంది.

ఇలాంటి బండి వాడినది కొనాలనుకుంటే కొన్ని విషయాలు చూసుకోండి. గ్లాస్గోలాంటి ఊళ్ళో పొగ ఎక్కువ వదిలే బండ్లని రానివ్వని లో ఎమిషన్ జోన్‌లోకి వెళ్ళాలంటే డీజిల్ బండి యూరో 6 అనే కాలుష్య ప్రమాణానికి తగ్గది అయి ఉండాలి. హాల్డెక్స్ నూనె మూడేళ్ళకోసారి మార్చారా, మార్చినప్పుడు పంపు దగ్గరుండే జల్లెడ శుభ్రం చేశారా అని సర్వీస్ బిల్లుల్లో వెతకండి. చాలామంది నూనె మార్చి జల్లెడ వదిలేస్తారు, అది పూడుకుపోతే పంపు మీద భారం పడుతుంది. డీఎస్‌జీ నూనె మార్చిన బిల్లు కూడా అడగండి. నాలుగు టైర్లూ ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. రోజూ రెండు మైళ్ళు బడికీ, కూరగాయలకీ తిరగడానికే అయితే డీజిల్ వద్దు, పొగని వడకట్టే డీపీఎఫ్ మసితో మూసుకుపోతుంది. నెలకోసారైనా ఈ ఉత్తరపు కొండల (హైలాండ్స్) వైపు పోయే అలవాటుంటే మాత్రం కళ్ళు మూసుకుని తీసుకోండి.