డార్విన్ రివ్యూ: ఒక రిటైర్డ్ పోర్టు ఉద్యోగి మార్కులు

ఆస్ట్రేలియా అంటే మనవాళ్ళకి సిడ్నీ, మెల్‌బోర్న్, మహా అయితే బ్రిస్బేన్. మా అమ్మాయికి డార్విన్‌లో నర్సు ఉద్యోగం వచ్చిందంటే చుట్టాల్లో సగం మంది "అదెక్కడమ్మా?" అన్నారు. మ్యాపులో చూస్తే దేశం నెత్తిన ఉంటుంది. సముద్రం దాటితే తూర్పు తిమోర్ ఏడెనిమిది వందల కిలోమీటర్లే. సొంత దేశంలోని అడిలైడ్‌కి మాత్రం రోడ్డు మీద మూడు వేల కిలోమీటర్లు. జనాభా లక్షన్నరకి అటూ ఇటూ. ఊరు దాటిన కాసేపటికే ఔట్‌బ్యాక్, అంటే జనం పల్చగా ఉండే లోపలి ప్రాంతం, మొదలవుతుంది. ఉలురు అనే ఆ పెద్ద ఎర్రరాయి పక్కనే ఉంటుందనుకుని టికెట్లు తీసేవాళ్ళు ఉన్నారట. అది ఇక్కడికి దాదాపు 2,000 కిలోమీటర్లు, ఆ ఆశ పెట్టుకోకండి.

నేను విశాఖ పోర్టులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ ఊరు వెళ్ళినా ముందు జెట్టీ వైపే కాళ్ళు లాగుతాయి. ఇవి రేవు మనిషి వేసిన మార్కులని గుర్తుపెట్టుకుని చదవండి.

తీర్పు ముందే చెప్పేస్తాను. మే నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్తే ఐదుకి నాలుగు. మేము వెళ్ళింది జూలైలో. వాన లేదు, ఉక్క లేదు, రాత్రి పల్చటి దుప్పటి కావాలనిపించేంత హాయి. అక్టోబరు, నవంబరు నెలల్ని అక్కడివాళ్ళు 'బిల్డప్' అంటారు. మబ్బు పడుతుంది గానీ వాన పడదు. ఆ నెలల గురించి మా అమ్మాయి మాట: "నాన్నా, మన మే నెల ఉక్కపోతకి ఇది అక్క." ఆ తర్వాత ఏప్రిల్ దాకా వానలు. అప్పుడు వెళ్ళేవాళ్ళు ఇందులో ఒక మార్కు తీసేసుకోండి, రెండు తీసినా నేనేమీ అనను.

ఇక సముద్రం. స్నానానికైతే సున్నా. ఏ బీచికి వెళ్ళినా పసుపు బోర్డు మీద నోరు తెరిచిన మొసలి బొమ్మ. పక్కనే ఇంకో బోర్డు, బాక్స్ జెల్లీఫిష్ అనే విషపు సముద్ర జీవి గురించి. జెల్లీఫిష్ బెడద అక్టోబరు నుంచి మే దాకా ఎక్కువ. మొసలికి సీజన్ లేదు, ఏడాది పొడుగునా డ్యూటీయే. ఇవి ఉప్పునీటి మొసళ్ళు, సముద్రంలో కూడా ఈదుతాయి. ఒకప్పుడు తోలు కోసం వేటాడితే అంతరించేదాకా వచ్చాయి. 1971లో వేట ఆపేశాక మళ్ళీ పెరిగాయి. హార్బరులోకి వచ్చినవాటిని పట్టుకోవడానికి బోనులు పెట్టి ప్రభుత్వ రేంజర్లు కాపలా కాస్తుంటారు. సముద్రం కనిపిస్తే కాళ్ళు తడుపుకుని, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకోనిదే వెనక్కి రాని మనిషి మా ఆవిడ. ఆ బోర్డు చూసి చెప్పులు కూడా విప్పలేదు.

నీళ్ళలో దిగాలనుంటే వాటర్‌ఫ్రంట్‌కి వెళ్ళండి. గోడ కట్టి, వలలు పెట్టి సముద్రపు నీటిని మడుగులా చేశారు. అందులో ఈతకి డబ్బు కట్టక్కర్లేదు. పక్కనే కృత్రిమ అలల కొలను ఉంది, దానికి టికెట్. పిల్లలున్నవాళ్ళకి ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. మాకు పది నిమిషాలు చాలింది.

స్నానం మాట పక్కన పెట్టి చూస్తే ఈ సముద్రంలో నాకు నచ్చింది ఆటుపోట్లు. విశాఖలో పోటుకీ పాటుకీ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. ఇక్కడ పెద్ద పోటప్పుడు ఎనిమిది మీటర్ల దాకా వెళ్తుంది. పొద్దున నీళ్ళమీద తేలుతున్న పడవ మధ్యాహ్నానికి బురదలో పక్కకి ఒరిగి ఉంటుంది. కలెన్ బే అని పడవల రేవు ఒకటుంది. దాని ముఖద్వారం దగ్గర లాక్ గేట్లు పెట్టారు. పడవ లోపలికి రాగానే వెనక గేటు మూస్తారు, నీటిమట్టం సరిచేస్తారు, ముందు గేటు తెరుస్తారు. ఆ గోడ మీద నిలబడి ఒక్కో పడవ లేవడం చూస్తూ ఉండిపోయాను. మా ఆవిడ "ఇదే పని ముప్పయ్యేళ్ళు జీతానికి చేశారు కదా" అంది. టూరిస్టు పుస్తకాల్లో దీనికి రెండు లైన్లు కూడా ఇవ్వరు. నా లెక్కలో ఐదుకి ఐదు.

అసలు పోర్టు పని ఇప్పుడు ఊరికి కాస్త దూరంగా, ఈస్ట్ ఆర్మ్ అనే చోట జరుగుతుంది. ఇండోనేషియాకి బతికున్న పశువుల్ని ఓడల్లో పంపే రేవుల్లో ఇది పెద్దది. ఈ పోర్టుని 2015లో ఒక చైనా కంపెనీకి 99 ఏళ్ళ లీజుకి ఇచ్చారు. దాని మీద అక్కడ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. ప్రైవేటీకరణ మాట వింటే చెవులు నిక్కబొడుచుకునే విశాఖవాణ్ణి, నాకు ఎక్కడికి వెళ్ళినా ఇవే కబుర్లు దొరుకుతాయి.

పాత రేవు వైపు, స్టోక్స్ హిల్ వార్ఫ్ దగ్గర, ఇప్పుడు చేపల వేపుడు, చిప్స్ దుకాణాలున్నాయి. తిండి ఫర్వాలేదు. నేను అక్కడ కూర్చున్నది తిండి కోసం కాదు. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు ఈ హార్బరు మీద పడ్డాయి. మొదటి దాడిలోనే 188 విమానాలు. ఆ ఒక్కరోజే 230 మందికి పైగా పోయారు. జెట్టీకి కట్టి ఉన్న నెప్ట్యూనా అనే ఓడలో పేలుడు సామగ్రి ఉండటంతో అది బద్దలైంది. జెట్టీ మీద పనిలో ఉన్న కలాసీలే ఇరవై మందికి పైగా చనిపోయారు. సరిగ్గా నెలన్నర తర్వాత, ఏప్రిల్ 6న, మా విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ రోజు ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందని పెద్దవాళ్ళు చెబుతుంటే విన్నాను. డార్విన్‌లో ఆ సంగతి తెలిసినవాళ్ళు నాకు తగల్లేదు, నేనే ఇద్దరు ముగ్గురికి చెప్పి వచ్చాను. ఇంకో విశేషం, ఆ మునిగిన ఓడల శకలాల్ని 1959లో మొదలుపెట్టి పైకి తీసింది కూడా ఒక జపాన్ కంపెనీయే.

వార్ఫ్‌కి దగ్గర్లోనే కొండ కింద యుద్ధకాలపు చమురు సొరంగాలున్నాయి. బయటున్న ట్యాంకుల మీద బాంబులు పడుతున్నాయని 1943లో తవ్వడం మొదలుపెట్టారు. యుద్ధం అయిపోయేసరికి పని పూర్తి కాలేదు. గోడల వెంట నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, నేల తడి, చల్లదనం. టికెట్ ఉంది. అరగంట సరిపోతుంది. చెప్పులు జారనివి వేసుకోండి.

డార్విన్‌లో ఒకే ఒక్కటి చూసే టైముంటే మ్యూజియం చూడండి. ఫ్యానీ బే వైపు, సముద్రం ఒడ్డున ఉంది. శాశ్వత ప్రదర్శనకి టికెట్ లేదు. గుమ్మం దాటగానే పిల్లలంతా పరిగెత్తేది 'స్వీట్‌హార్ట్' దగ్గరికి. పేరు ముద్దుగా ఉంది గానీ అది 5.1 మీటర్ల మగ మొసలి. డెబ్బైల్లో చేపలు పట్టే పడవల మోటార్ల మీద దాడి చేసేది. 1979లో ప్రాణాలతో పట్టుకుని వేరే చోటికి తరలించబోతే చచ్చిపోయింది.

నన్ను ఆపేసింది మాత్రం ట్రేసీ తుఫాను గది. 1974 క్రిస్మస్ ముందు రాత్రి మొదలై తెల్లారేసరికి ఊరు తుడిచిపెట్టుకుపోయింది. 66 మంది చనిపోయారు. విమానాశ్రయంలో గాలి కొలిచే యంత్రం గంటకి 217 కిలోమీటర్లు చూపించి పాడైపోయింది. ఉన్న 47 వేల జనాభాలో 30 వేల మందికి పైగా ఊరు వదలాల్సి వచ్చింది. ఒక చీకటి గదిలో ఆ రాత్రి ఒక చర్చి ఫాదర్ టేపు రికార్డరులో పట్టిన శబ్దం వినిపిస్తారు. లోపల కనిపించేది ఏమీ ఉండదు. గాలి హోరు, మధ్యమధ్యలో రేకు రోడ్డు మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా బాత్రూములో కూర్చుని విన్నది అచ్చం ఆ రేకు చప్పుడే. మా ఆవిడ సగంలోనే బయటికి వచ్చేసింది. మనవల్ని తీసుకెళ్తే ఆ గదికి ముందే చెప్పి తీసుకెళ్ళండి. మ్యూజియానికి ఐదుకి ఐదు, మరో మాట లేదు.

మొసళ్ళ పడవ గురించి అందరూ అడుగుతారు. ఊరికి అరవై కిలోమీటర్ల పైన అడిలైడ్ నది మీద ఉంటుంది. కర్రకి మాంసం ముక్క కట్టి నీటిపైన ఊపుతారు, మొసలి తోక బలంతో నిలువునా లేస్తుంది. దాని దవడలు మూసుకున్నప్పుడు వచ్చే 'టప్'మనే చప్పుడు మాత్రం ఏ వీడియోలోనూ రాదు. కానీ నాలుగోసారి ఎగిరించేసరికి సర్కసులా అనిపించింది. ఐదుకి మూడు. పిల్లలు ఐదు వేస్తారు.

ఔట్‌బ్యాక్ రుచి చూడాలంటే లిచ్‌ఫీల్డ్ నేషనల్ పార్క్ చాలు. వంద కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. దారిలో స్టువర్ట్ హైవే మీద రోడ్ ట్రైన్లు ఎదురొస్తాయి, ఒకే ఇంజను వెనక మూడు నాలుగు ట్రైలర్లు, యాభై మీటర్ల పైనే పొడవు. అవి పక్క నుంచి పోతే మన కారు ఊగుతుంది. పార్కులో అయస్కాంత పుట్టలని ఉన్నాయి. మన చెదపుట్టల్లా గుండ్రంగా కాక పలకల్లా ఉంటాయి. అన్నీ ఉత్తరం దక్షిణం దిక్కుకే నిలబడి ఉంటాయి. మిట్టమధ్యాహ్నం ఎండ పల్చటి అంచు మీదే పడి లోపల చల్లగా ఉండటానికట. బ్యూలీ రాక్‌హోల్ దగ్గర రాతి గుంటల్లో నీళ్ళు మెట్లు మెట్లుగా దిగుతాయి, అక్కడ స్నానం చేయొచ్చు. డార్విన్ బీచిలో తీరని ముచ్చట మా ఆవిడ అక్కడ తీర్చుకుంది. గేటు దగ్గర ఏది తెరిచి ఉందో బోర్డు చూసి దిగండి, మొసలి కనిపిస్తే మూసేస్తారు.

కారు అద్దెకి తీసుకునేవాళ్ళకి ఒక మాట. ఇక్కడ చాలా కాంట్రాక్టుల్లో రోజుకి ఇన్ని కిలోమీటర్లని పరిమితి ఉంటుంది. మేము తీసుకున్న చోట కౌంటరులో "అంతా కలిపే" అన్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు అదనపు కిలోమీటర్లకి వేరే బిల్లు పట్టుకొచ్చారు. అమ్మాయి గంటసేపు వాదిస్తే సగం తగ్గించారు. నోటి మాట వద్దు, కాగితం మీద రాయించుకోండి.

తిండి విషయానికి వస్తే, హోటళ్ళ కన్నా సంతలే గొప్ప. గురువారం, ఆదివారం సాయంత్రాలు మిండిల్ బీచ్ మార్కెట్. ఇది ఏప్రిల్ ఆఖరు నుంచి అక్టోబరు దాకానే. ఇసుక ఒడ్డు వెనక వరసగా బండ్లు: థాయ్, ఇండోనేషియా, శ్రీలంక, గ్రీకు, మొసలి మాంసం కబాబు కూడా. పొద్దుగూకే వేళకి అందరూ ప్లేట్లు పట్టుకుని ఒడ్డుకి వచ్చేస్తారు. మా విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, సముద్రంలోకి దిగడం నేను చూసింది తక్కువ. పూర్తిగా మునిగాక జనం చప్పట్లు కొట్టారు. అది కాస్త అతిగా తోచింది గానీ నేనూ కొట్టాను. రేట్లు ఎక్కువ, జనం ఎక్కువ, కూర్చోడానికి చోటు తక్కువ. చాప తీసుకెళ్ళండి.

నాకు అసలు నచ్చింది శనివారం పొద్దుటి పారప్ మార్కెట్. అక్కడ లక్సా టిఫిను. కొబ్బరిపాలు, నిమ్మగడ్డి, ఎండుమిర్చి, ఎండు రొయ్యల పులుసులో నూడుల్స్. గిన్నె పట్టుకోగానే ఎండు రొయ్యల వాసన ముందు వస్తుంది, ఆ తర్వాత కారం. ఈ ఊరివాళ్ళకి దీని పిచ్చి ఎంతంటే అక్టోబరులో లక్సాకి ఏకంగా పండగే చేస్తారు. పక్కనే పచ్చిబొప్పాయి తురుముని రోట్లో మిర్చి, నిమ్మరసం, వేరుశనగలతో మన కళ్ళముందే దంచి ఇస్తారు. "ఎన్ని మిరపకాయలు?" అని అడుగుతారు. నేను నాలుగు అన్నాను, ఆవిడ నన్ను ఒకసారి పైకీ కిందకీ చూసి వేసింది. శాకాహారులు జాగ్రత్త. వెజిటబుల్ లక్సా అన్నా అడుగున రొయ్యల ముద్ద ఉండొచ్చు, బొప్పాయిలో ఫిష్ సాస్ వేస్తారు. ముందే అడగండి, చాలామంది లేకుండా చేసిస్తారు.

కూరగాయలకైతే ఆదివారం పొద్దున ర్యాపిడ్ క్రీక్ మార్కెట్. కరివేపాకు, ములక్కాడలు, కాకరకాయలు, అన్నీ స్థానికంగా పండినవే. ఎర్ర గోంగూర కాయలతో జామ్ చేసి సీసాల్లో అమ్ముతారు, రోజెల్లా జామ్ అంటారు. పులుపు గోంగూరదే, పైన పంచదార. మా ఆవిడకి నచ్చలేదు. నేను దోసెలో వేసుకుని సీసా ఖాళీ చేశాను.

రాత్రిళ్ళు చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఒక్క డెక్‌చైర్ సినిమా తప్ప. హార్బరు ఒడ్డున ఆరుబయట తెర, గుడ్డ కుర్చీలు, వానలు లేని నెలలంతా నడుస్తుంది. ఫిల్మ్ సొసైటీవాళ్ళది. ఆ కుర్చీలో ఒకసారి కూర్చుంటే మా వయసువాళ్ళకి లేవడం కష్టం, పక్కనవాళ్ళ చేయి అందుకోవాల్సిందే. దిండు, దోమల మందు వెంట తీసుకెళ్ళండి. ఏ సినిమా వేస్తున్నారో చూడకుండానే టికెట్ కొనొచ్చు.

పారప్‌కి మాత్రం ఎనిమిదిన్నర లోపే చేరుకోండి. తొమ్మిది దాటితే లక్సా క్యూ పక్క వీధి దాకా ఉంటుంది.