“కొత్త వైఫై కార్డు వేశాం” అంటే నమ్మకండి, నంబర్ చూడండి

పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మే ఆ సెల్లర్ మీలో చాలామందికి తెలుసు. రేటింగ్ చూస్తే నిండా చుక్కలే, కామెంట్లు చూస్తే “సర్వీసు సూపర్” అని పొగడ్తలే. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. కొన్నవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు.

సంగతి త్వరగా చెప్పేస్తాను. పై వాటాలో ఉండే అన్న వైఫైనే మేమూ వాడుకుంటాం, బిల్లు చెరిసగం. ఆయన కాస్త పట్టింపు మనిషి. పాస్‌వర్డ్ ఒక్కటే చాలదని రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ కూడా పెట్టుకున్నాడు. మ్యాక్ అడ్రస్ అంటే వైఫైకి కలిసే ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్. ఏ ఫోనుది, ఏ ల్యాప్‌టాప్‌ది మ్యాక్ అడ్రస్ తన జాబితాలో ఎక్కిస్తాడో వాటినే రౌటర్ రానిస్తుంది. ఆ సెల్లర్ దగ్గర నేను కొన్న ల్యాప్‌టాప్ నంబర్ కూడా తెచ్చిన రోజే ఎక్కించాడు.

ల్యాప్‌టాప్ కనెక్ట్ అయింది. సిగ్నల్ నిండుగా ఉంది. కింద మాత్రం “నో ఇంటర్నెట్” అని. అదే వైఫై మీద నా ఫోన్ హాయిగా నడుస్తోంది. ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపినా ల్యాప్‌టాప్‌ది అదే వరస. రీస్టార్ట్ చేయడం, నెట్‌వర్క్ తీసేసి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టడం, రౌటర్ ఆపి వేయడం, ఇలా అందరూ చెప్పేవన్నీ అయ్యాయి. కొనేటప్పుడు మాత్రం వాళ్ల కౌంటర్ మీద నా కళ్లముందే వీడియో ఆగకుండా ఆడింది.

సెల్లర్ దగ్గరికి తీసుకెళ్తే అతను మొదట చెప్పిన మాట, “షేరింగ్ వైఫై కదా సార్, అలాగే ఉంటుంది. సొంత కనెక్షన్ పెట్టించుకోండి.” హాట్‌స్పాట్‌తో కూడా రావడం లేదని చెప్పగానే మాట మార్చాడు. “అయితే వైఫై కార్డు పోయింది సార్.” అంటే ల్యాప్‌టాప్‌లో వైఫై సిగ్నల్ అందుకునే చిన్న భాగం. వారంటీ ఉందిగా అంటే అది మదర్‌బోర్డుకేనట. కార్డు డబ్బు ముందే కట్టించుకుని ల్యాప్‌టాప్ లోపలికి పట్టుకెళ్లాడు. తిరిగి తెచ్చేసరికి వాళ్ల వైఫై మీద నెట్ పరుగులు పెడుతోంది. పాత కార్డు ఇమ్మంటే, “పారేశాం సార్, దాంతో మీకేం పని?” అన్నాడు. నిజమే, దాంతో నాకేం పని!

ఇంటికొచ్చి చూస్తే మళ్లీ “నో ఇంటర్నెట్”.

అన్నని పిలిచాను. ఆయన రౌటర్ పేజీ తెరిచి చూసి ఒకే ఒక్క మాట అడిగాడు. “కార్డు మార్చారన్నావుగా? నేను కొత్త నంబర్ ఎక్కించనే లేదు. మరి ఇది ఎలా కనెక్ట్ అయింది?”

నాకు ముందు అర్థం కాలేదు. ఆయనే విడమర్చి చెప్పాడు. మ్యాక్ అడ్రస్ ల్యాప్‌టాప్‌ది కాదు, అందులోని వైఫై కార్డుది. కార్డు మారితే నంబర్ మారుతుంది, నంబర్ మారితే ఆయన రౌటర్ గుమ్మంలోనే ఆపేస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) కొట్టి చూశాం. అక్కడ మ్యాక్ అడ్రస్‌నే ఫిజికల్ అడ్రస్ అంటారు. ఫిజికల్ అడ్రస్ దగ్గర ఉన్న పన్నెండు అక్షరాలూ మొదటిరోజు ఆయన రాసుకున్నవే. ఒక్కటి తేడా లేదు. అంటే వాళ్లు కార్డును ముట్టుకోలేదు. డబ్బు మాత్రం ముట్టింది.

అసలు రోగం దాని కింది వరుసలోనే కనబడింది. డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ ఎదురుగా “నో”. అంటే రౌటర్ ఇచ్చే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ ల్యాప్‌టాప్ చిరునామా) దానంతట అది తీసుకునే పద్ధతి ఆపేసి ఉంది. ఐపీ అడ్రస్ 192.168.1.50, గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్ అడ్రస్) 192.168.1.1 అని ఎవరో చేత్తో కొట్టి పెట్టారు. వాళ్ల రౌటర్ ఆ వరసలో ఉంది కాబట్టి అక్కడ నెట్ వస్తుంది. అన్న రౌటర్ 192.168.0.1. పాస్‌వర్డ్ సరిపోయి వైఫైకి కలుస్తుంది కానీ, బయటికి దారి కోసం ఇక్కడ లేని గేట్‌వేని వెతుక్కుంటూ కూర్చుంటుంది. హాట్‌స్పాట్‌తో రాకపోవడానికీ కారణం అదే. సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్ తెరిచి, ఐపీ అసైన్‌మెంట్‌ని మాన్యువల్ నుంచి ఆటోమేటిక్‌కి మార్చి సేవ్ కొట్టాం. నెట్ వచ్చేసింది. ఇంతే. దీనికి కార్డు అట!

ఇక్కడిదాకా అయితే తెలియక చేశారులే అని ఊరుకునేవాడినేమో. ఫోన్ చేసి, కార్డు మారిస్తే నంబర్ పాతదే ఎలా ఉందని అడిగాను. ఏమాత్రం తడుముకోకుండా, “కొత్త కార్డుకీ అదే నంబర్ వస్తుంది సార్, మోడల్ ఒకటే కదా” అన్నాడు. మోడల్ ఒకటైతే నంబర్ ఒకటేనట! ఆ నంబర్లో మొదటి సగం తయారీ కంపెనీకి గుర్తు, రెండో సగం ఆ ఒక్క కార్డుకి ఇచ్చింది. ఇదే చెబితే ఫోన్ స్పీకర్ మీద పెట్టాడు. “సార్ మనకి నెట్‌వర్కింగ్ క్లాసు చెబుతున్నారు రా” అని పక్కవాళ్లతో అంటున్నాడు, వెనక నవ్వులు. చివరికి, “నెట్ వచ్చిందా లేదా? వచ్చింది కదా. ఇంకా మా మీద పడతారేంటి?” అని పెట్టేశాడు. నెట్ తెప్పించింది మా అన్న. డబ్బు తీసుకున్నది వీడు. నవ్వింది కూడా వీడే.

నాకు ఒళ్లు మండేది డబ్బు గురించి కాదు, ఆ నవ్వు గురించి. కార్డు నిజంగా చచ్చిపోయి ఉంటే చుట్టుపక్కల వైఫై పేర్లే కనబడవు, సిగ్నల్ నిండుగా చూపించడం సంగతి తర్వాత. రోజూ పదిమంది ల్యాప్‌టాప్‌లు విప్పే మనిషికి ఈమాత్రం తెలియదంటే నేను నమ్మను.

వాళ్ల దగ్గర కొనేవాళ్లు ఉంటే, కార్డు మారుస్తామంటే ముందు ఫిజికల్ అడ్రస్ ఫొటో తీసుకోండి, పాత కార్డు చేతికి ఇచ్చాకే డబ్బు ఇవ్వండి. విండోస్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ ఆన్‌లో ఉంటే నంబర్ ఊరికే మారుతుంటుంది, అది ఆఫ్ చేసి చూడండి. ఐపీ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం, అది వేరే గొడవ. ఇంకొకటి, కొనేటప్పుడు వాళ్ల వైఫై మీద కాదు, మీ ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపించి చూపించమనండి.

రసీదు మీద “వైఫై కార్డు, కొత్తది” అని వాడి చేత్తో రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. దాన్నీ, రెండు నంబర్ల ఫొటోలనూ జతచేసి ఫిర్యాదు పంపాను. నా ఫోన్ ఎత్తడం మానేశాడు. జవాబు వస్తే చెబుతాను.