హెల్ప్‌డెస్క్ కనెక్టర్: కోడ్ బాగుంది, టూల్ వర్ణనలే బాలేవు

బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న కంపెనీ అమ్ముతున్న ఈ కనెక్టర్, ఏఐ ఏజెంట్‌ని హెల్ప్‌డెస్క్ టికెట్ల (కస్టమర్ల ఫిర్యాదుల) సాఫ్ట్‌వేర్‌తో కలుపుతుంది. కోడ్ పరంగా గట్టిదే. ఇబ్బందల్లా ఏ టూల్ దేనికో ఏజెంట్‌కి చెప్పే టూల్ వర్ణనలతోనే. ‘సెర్చ్_టికెట్స్’, ‘గెట్_టికెట్’ రెండింటికీ ‘టికెట్ సమాచారం ఇస్తుంది’ అన్న ఒకే వాక్యం పెట్టారు. ఏజెంట్‌ని నడిపే ఏఐ మోడల్‌కి కనిపించేది టూల్ పేరు, వర్ణన, పారామీటర్ల స్కీమా (ఏ వివరాలు ఏ రూపంలో ఇవ్వాలన్న నిర్దేశం). లోపలి కోడ్ కాదు. అందుకే టికెట్ నంబర్ ఇచ్చినా ఏజెంట్ సెర్చ్‌కే పోతుంది. ‘నంబర్ తెలిస్తే ఇది వాడాలి, తెలియకపోతే ముందు సెర్చ్’ అని ‘గెట్_టికెట్’ వర్ణనలో రాస్తే సరిపోయేది.

తేదీ పారామీటర్ మరీ ఘోరం, ఫార్మాటే చెప్పలేదు. 03-04-2025 మనకు ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో మార్చి 4. ‘2025-04-03’ అని ఉదాహరణ ఇవ్వాల్సింది.

స్టేటస్‌కి ఈనమ్ (ఇవ్వదగిన విలువల జాబితా) ఇచ్చారు, మెచ్చుకోవాలి. ఎర్రర్ మెసేజ్‌లో తప్పున్న ఫీల్డ్ పేరు వస్తుంది కాబట్టి ఏజెంట్ సరిదిద్దుకుని మళ్లీ పంపగలదు.

వర్ణనలు తిరగరాసుకునే ఓపిక ఉంటే కొనండి. డిలీట్ టూల్ మాత్రం ఆపేయండి. పోయిన టికెట్ తిరిగిరాదన్న హెచ్చరిక అందులో లేదు.